తీర్పరి

ఆడేవారు లేనిదే ఆట లేదు. తీర్పు చెప్పేవారు లేనిదే పోటీ లేదు. వీధిలో పిల్లలు ఆడుకొనేటప్పుడు ఔటా, కాదా అన్న తగవు అరుపులతో తేలుతుంది. గొంతు పెద్దదైనవాడో, బ్యాటు సొంతమైనవాడో చివరికి గెలుస్తాడు. ఆ తగవును గొంతు బలం నుంచి తప్పించి నియమానికి అప్పగించేందుకు మనుషులు ఏర్పరచుకొన్న వ్యవస్థే అంపైరు. మన భాషలో ఇందుకు ‘తీర్పరి’ అనే చక్కని మాట ఉంది. ఆటగాళ్ల పేర్లు గెలిచిన రోజున వినబడతాయి. తీర్పరి పేరు మాత్రం తప్పు జరిగిన రోజునే వినబడుతుంది. సక్రమంగా సాగిన ఆటలో ఆయన ఉన్నట్టే ఎవరికీ గుర్తుండదు. ఇంతటి అజ్ఞాతంలో ఇంతటి భారం మోసే పని మరొకటి అరుదు. ఆ పనిలోని కష్టమేమిటో, అందులో మనం గ్రహించవలసినదేమిటో సాఫ్ట్‌బాల్ ఆటను ఆధారం చేసుకొని పరిశీలిద్దాం.

సాఫ్ట్‌బాల్ పుట్టుకే ఒక వేడుక. 1887 నవంబరులో అమెరికాలోని షికాగో నగరంలో, ఫారగట్ బోట్ క్లబ్బు భవనంలో కొందరు యువకులు ఒక ఫుట్‌బాల్ పోటీ ఫలితం కోసం ఎదురుచూస్తున్నారు. ఫలితం తెలిసిన ఉత్సాహంలో ఒకరు ముష్టియుద్ధపు చేతితొడుగును విసిరితే మరొకరు కర్రతో దానిని కొట్టారు. జార్జ్ హాన్‌కాక్ అనే ఆయన ఆ తొడుగునే బంతిలా బిగించి కట్టి, నేలమీద సుద్దతో గీతలు గీసి ఆట మొదలుపెట్టించాడు. గది లోపల ఆడే బేస్‌బాల్‌గా మొదలైన ఈ ఆటకు 1926లో వాల్టర్ హకన్‌సన్ సూచించిన ‘సాఫ్ట్‌బాల్’ అన్న పేరు స్థిరపడింది. 1996 నుంచి 2008 వరకు మహిళల సాఫ్ట్‌బాల్ ఒలింపిక్ క్రీడగా ఉంది. టోక్యో క్రీడల్లో భాగంగా 2021లో మళ్లీ కనిపించింది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌కు కూడా ఎంపికైంది. మన తెలుగు రాష్ట్రాల పాఠశాల క్రీడా పోటీలలోనూ దీనికి చోటుంది. కాబట్టి ఇది పేరుకు విదేశీ క్రీడ అయినా మన విద్యార్థులకు పరాయిది కాదు.

ఆట స్వరూపం స్థూలంగా ఇది. పిచ్చరు చేతిని నడుము దిగువనుంచి తిప్పి బంతి వేస్తుంది. బ్యాటరు దానిని కొట్టి నాలుగు స్థావరాల చుట్టూ పరుగెత్తాలి. బ్యాటరు వెనుక బంతి పట్టడానికి క్యాచరు కూర్చుంటుంది. ఆమె వెనుక అంపైరు నిలబడతారు. బ్యాటరు కొట్టడానికి ప్రయత్నించకుండా వదిలిన ప్రతి బంతి విషయంలోనూ అంపైరు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. అది కొట్టదగిన బంతా, కాదా? కొట్టదగినదైతే ‘స్ట్రైక్’, కాకపోతే ‘బాల్’. మూడు స్ట్రైకులకు బ్యాటరు ఔటవుతుంది. నాలుగు బాల్స్ వస్తే ఉచితంగా మొదటి స్థావరానికి నడుస్తుంది. ఒక పోటీలో ఇలాంటి నిర్ణయాలు వందకు పైగా ఉండవచ్చు. ప్రతిదీ చిన్నదే. అన్నీ కలిస్తే గెలుపోటములు.

కొట్టదగిన బంతిని నిర్ణయించే హద్దు పేరు స్ట్రైక్ జోన్. నేలమీద హోమ్ ప్లేట్ అనే ఐదు అంచుల తెల్లని పలక ఉంటుంది. దాని వెడల్పు 17 అంగుళాలు. ఆ పలకపైన, బ్యాటరు సహజమైన భంగిమలో నిలిచినప్పుడు ఆమె చంకల ఎత్తుకూ మోకాళ్ల పైభాగానికీ మధ్యనున్న ఖాళీ ప్రదేశమే స్ట్రైక్ జోన్. కింద పలక కనిపిస్తుంది. పైన ఉన్న హద్దులు కనిపించవు. గోడలు లేని గది అది. పైగా బ్యాటరు మారినప్పుడల్లా ఆ గది ఎత్తు మారుతుంది. పొడగరికి ఒక కొలత, పొట్టివారికి ఒక కొలత. హద్దు తగ్గించుకోవాలని కావాలనే ముడుచుకొని కూర్చున్నంత మాత్రాన అది తగ్గదు. ఎందుకంటే నియమం చూసేది సహజ భంగిమను. ఏది సహజమో, ఏది నటనో గుర్తించవలసింది మళ్లీ అంపైరే.

ఇక బంతి సంగతి చూద్దాం. దాని చుట్టుకొలత 12 అంగుళాలు. అంటే అడ్డంగా కొలిస్తే నాలుగు అంగుళాలకు కొంచెం తక్కువ. బంతిలో ఏ కొద్ది భాగమైనా ఆ గది అంచును తాకుతూ పోతే అది స్ట్రైకే. కాబట్టి 17 అంగుళాల పలక ఆచరణలో 24 అంగుళాలను మించిన వెడల్పును అదుపు చేస్తుంది. అంతర్జాతీయ స్థాయి మహిళల ఆటలో పిచ్చరు నిలిచే చోటినుంచి హోమ్ ప్లేట్‌కు దూరం 43 అడుగులు. మేటి క్రీడాకారిణులు గంటకు 105 కిలోమీటర్లకు మించిన వేగంతో బంతి వేయగలరు. ఆ వేగంలో బంతి చేతినుంచి పలకదాకా రావడానికి అర సెకను కూడా పట్టదు. ఆ బంతి తిన్నగా వస్తుందన్న నమ్మకమూ లేదు. ‘రైజ్ బాల్’ బ్యాటరు కంటికి పైకి లేస్తున్నట్టు తోస్తుంది. ‘డ్రాప్ బాల్’ చివరి క్షణంలో కిందికి జారుతుంది. ‘కర్వ్ బాల్’ పక్కకు వంగుతుంది. రెప్పపాటులో కనబడి మాయమయ్యే ఆ దారిలో, పలకమీది గాలిలో బంతి ఎక్కడ ఉన్నదన్నదే ప్రశ్న. క్యాచరు చేతిలో అది ఎక్కడ చిక్కిందన్నది ప్రశ్న కాదు. డ్రాప్ బాల్ గదిలోంచి దూసుకువచ్చి నేలకు ఆనుతూ క్యాచరుకు దొరకవచ్చు. అయినా అది స్ట్రైకే. చూసేవారికి మాత్రం అది అన్యాయంగా కనిపిస్తుంది. పక్కనుంచి కేకలు వేసే ప్రేక్షకుడికీ, వెనుకనుంచి చూసే అంపైరుకూ దొరికే దృశ్యాలే వేరు.

మరి ఇంతటి వేగాన్ని మనిషి కన్ను ఎలా పట్టుకొంటుంది? అంపైర్ల శిక్షణలో మొదట నేర్పేది నిలబడే చోటును. క్యాచరుకు సరిగ్గా వెనుక నిలబడితే ఆమె తల అడ్డు వస్తుంది. అందుకని క్యాచరుకూ బ్యాటరుకూ నడుమ ఉన్న సందులోంచి చూస్తారు. కళ్లు స్ట్రైక్ జోన్ పై హద్దు ఎత్తులో ఉండేలా వంగుతారు. బంతి వస్తున్నప్పుడు తల కదలకూడదు. కళ్లు మాత్రమే బంతిని వెంబడించాలి. తల ఊగితే గది కూడా ఊగుతుంది. హద్దు తప్పిన బంతిని మెల్లగా లోపలికి లాగి పట్టి చూపడం క్యాచర్ల నేర్పు. ఆ చేతితొడుగును చూసి నిర్ణయించే అంపైరు బంతికి కాక నటనకు తీర్పు చెప్పినట్టే.

శిక్షణలో రెండవ పాఠం తొందరపడకపోవడం. బంతి చేరిన తక్షణమే చేయి ఎత్తకూడదు. చూసినదానిని మనసులో ఒక్కసారి నెమరువేసుకొని అప్పుడు ప్రకటించాలి. ఆ విరామం ఒక సెకను కూడా ఉండదు. కాని ఆ కొద్దిపాటి వ్యవధిలో కన్ను చూసినదానిని బుద్ధి సరిచూస్తుంది. అలవాటు మీద లేచే చేతిని వివేకం ఆపుతుంది. ముందుగానే ‘స్ట్రైక్’ అని నిశ్చయించుకొని చూసేవారికి బంతి కనబడదు. తమ నిశ్చయమే కనబడుతుంది.

స్థావరాల వద్ద జరిగే తీర్పులది మరొక కష్టం. బంతి కొట్టిన బ్యాటరు 60 అడుగులు పరుగెత్తి మొదటి స్థావరం చేరాలి. అంతలో బంతి స్థావరం దగ్గరి క్రీడాకారిణి చేతికి అందితే ఆమె ఔట్. పాదం ముందా, బంతి ముందా? ఒకే కన్ను రెండు చోట్ల ఉండలేదు. అందుకని అనుభవజ్ఞులైన అంపైర్లు పనిని పంచుతారు. కన్నును స్థావరం మీద, పాదం మీద నిలుపుతారు. బంతి తొడుగులో పడిన చప్పుడును చెవితో వింటారు. కంటికీ చెవికీ మధ్య తేడా చూసి తీర్పు చెబుతారు. ఇందులో ఒక సూక్ష్మం కూడా ఉంది. పదహారు, పద్దెనిమిది అడుగుల దూరాన నిలిచిన అంపైరుకు ఆ చప్పుడు చేరడానికి సుమారు సెకనులో అరవయ్యో వంతు పడుతుంది. ఆ కొద్ది సమయంలో వేగంగా పరుగెత్తే మనిషి నాలుగు అంగుళాలు ముందుకు పోతుంది. నాలుగు అంగుళాలంటే మాటలు కాదు. చాలా తగవులకు మూలం అంతకన్నా తక్కువ దూరమే.

ఇక్కడ ఒక మౌలికమైన విషయాన్ని గమనించాలి. న్యాయస్థానంలో చూసినవాడు వేరు, తీర్పు చెప్పేవాడు వేరు. సాక్షి చెబుతాడు, న్యాయమూర్తి విని, విచారించి, గ్రంథాలు తిరగేసి, వాయిదా వేసి, తరువాత తీరికగా తీర్పు ఇస్తాడు. మన ప్రాచీన ధర్మశాస్త్రాలూ ఈ భేదాన్ని పాటించాయి. పదమూడవ శతాబ్దంలో కేతన తెలుగులోకి తెచ్చిన విజ్ఞానేశ్వరీయంలో వ్యవహారకాండ అనే భాగమే ఉంది. సాక్షులు, రుజువులు, వివాద నిర్ణయం వంటి విషయాలన్నీ ‘వ్యవహారం’ కిందికే వస్తాయి. ఆటస్థలంలో ఆ వెసులుబాటు లేదు. అంపైరే సాక్షి, అంపైరే న్యాయమూర్తి. విచారణకు వ్యవధి లేదు, వాయిదాకు వీలు లేదు. ‘నాకు తెలియదు’ అనడానికి అసలే వీలు లేదు. అందువల్ల ఆయనలో ఉండవలసిన గుణం చూపులోని చురుకుదనం ఒక్కటే కాదు. చూసినది చూసినట్టు చెప్పగల తెగువ కూడా ఉండాలి. తీర్పరికి అసలైన పరీక్ష ఇదేనని నా అభిప్రాయం. సాఫ్ట్‌బాల్ చరిత్రలోని రెండు సంఘటనలు దీనిని స్పష్టం చేస్తాయి.

1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో సాఫ్ట్‌బాల్ పోటీలు జార్జియా రాష్ట్రంలోని కొలంబస్ నగరంలో జరిగాయి. అమెరికా, ఆస్ట్రేలియా జట్లు తలపడిన ఆటలో డాని టైలర్ అనే అమెరికా క్రీడాకారిణి బంతిని ప్రహరీ దాటించింది. ఆ పరుగు ఖాయమని అందరూ అనుకొన్నారు. ఎదురువచ్చిన సహచరులతో చేతులు కలిపే సంబరంలో ఆమె హోమ్ ప్లేట్‌ను కాలితో తాకకుండానే దాటిపోయింది. ఇటువంటి లోపాన్ని అంపైరు తనంతట తానుగా ప్రకటించరు. ప్రత్యర్థి జట్టు అడిగితేనే చెబుతారు. ఆస్ట్రేలియా అడిగింది. ఆమె ఔట్ అని తీర్పు వచ్చింది. సొంతగడ్డమీద వేలాది ప్రేక్షకుల ఎదుట ఆతిథ్య దేశం పరుగు చెల్లదని చెప్పడం ఎంత కష్టమో ఊహించండి. అప్పటికి రెండు జట్లకూ పరుగులు లేవు. ఏడు ఇన్నింగ్సులలో ముగియవలసిన ఆట పదింటిదాకా సాగింది. చివరికి అమెరికా 1-2 తేడాతో ఓడిపోయింది. చెల్లకుండాపోయిన ఆ ఒక్క పరుగే ఆటను తారుమారు చేసింది. బంతి ప్రహరీ దాటిన తరువాత ఇక చూడవలసిందేమీ లేదని అంపైరు కూడా అనుకొని ఉంటే? అందరూ ఆకాశంవైపు చూస్తున్నప్పుడు నేలవైపు చూడడమే తీర్పరి ధర్మం.

కొన్ని రోజుల తరువాత, జులై 30న, అదే మైదానంలో అమెరికా, చైనా జట్ల మధ్య ఫైనల్ జరిగింది. మూడవ ఇన్నింగ్స్‌లో డాట్ రిచర్డ్‌సన్ కొట్టిన బంతి కుడివైపు హద్దు స్తంభం దాపునుంచి ప్రహరీ దాటింది. స్తంభానికి లోపలినుంచి పోతే రెండు పరుగులు, బయటినుంచి పోతే ఏమీ లేదు. లోపలినుంచే పోయిందని అంపైరు తీర్పు చెప్పారు. చైనా జట్టు తీవ్రంగా అభ్యంతరం తెలిపింది. ఆట కొన్ని నిమిషాలపాటు నిలిచిపోయింది. తీర్పు మాత్రం మారలేదు. అమెరికా 3-1తో గెలిచి, ఒలింపిక్ సాఫ్ట్‌బాల్ తొలి స్వర్ణ పతకాన్ని అందుకొంది. మొదటి సంఘటనలో తీర్పు ఆతిథ్య జట్టుకు నష్టం కలిగించింది. రెండవదానిలో లాభం కలిగించింది. రెండు చోట్లా తీర్పరి చేసింది ఒకే పని. తన కంటికి కనిపించినదాని మీద నిలబడడం. ఫలితం ఎటు మొగ్గిందో చూసి తీర్పరిని తూచడం మన అలవాటు. కాని తీర్పు ఎవరికి లాభించిందన్నది కాదు, ఏ విధంగా వెలువడిందన్నదే న్యాయానికి గీటురాయి.

తీర్పరి పక్షపాతి అని నిందించడం తేలిక. నిజానికి చాలామంది అంపైర్ల బలహీనత పక్షపాతం కాదు, వెనుకంజ. సాఫ్ట్‌బాల్‌కు అక్కవంటి బేస్‌బాల్‌లో ఈ సంగతి తేటతెల్లమైంది. 2000 దశకం చివరినుంచి అమెరికా మేజర్ లీగ్ మైదానాలలో ప్రతి బంతి దారినీ కెమెరాలు నమోదు చేయసాగాయి. లక్షల బంతుల వివరాలను పరిశీలించిన పరిశోధకులకు ఒక విచిత్రం కనిపించింది. బ్యాటరుకు రెండు స్ట్రైకులు పడి, ఇంకొక్కటి పడితే ఔటయ్యే స్థితిలో అంపైర్ల స్ట్రైక్ జోన్ కొంచెం కుంచించుకుపోతుంది. మూడు బాల్స్ అయి, ఇంకొక్కటైతే ఉచితంగా నడిచే స్థితిలో అది కొంచెం విస్తరిస్తుంది. అంటే అంచున పడిన బంతి ఆటను ముగించేదైతే, తెలియకుండానే ఆ ముగింపును తప్పించే తీర్పు వస్తున్నది. ‘నా మాటతో ఇది తేలిపోకూడదు, ఇంకొక బంతి చూద్దాం’ అనే జంకు అది.

ఇది దయ కదా, అందులో తప్పేముందని ఎవరైనా అడగవచ్చు. ఓడిపోయే స్థితిలో ఉన్నవారికి ఇంకొక అవకాశం ఇవ్వడం మానవత్వమే కదా! వినడానికి బాగుంది. కాని బ్యాటరుమీద చూపిన దయ పిచ్చరుకు జరిగిన అన్యాయం. మూడు బంతులు కష్టపడి అంచులమీద వేసిన క్రీడాకారిణికి రావలసిన ఫలం, మరొకరిమీది జాలి పేరుతో పోయింది. తనది కాని సొమ్ము దానం చేయడం దాతృత్వం కాదు. మొదటి బంతికి ఏ హద్దో చివరి బంతికీ అదే హద్దు కావాలి. ఏమీ తేల్చని బంతినీ, అన్నీ తేల్చే బంతినీ ఒకే కొలతతో కొలవడమే సమత.

తీర్పు చెప్పవలసినవారు వెనుకాడితే ఏమవుతుందో మన ఇతిహాసం చెప్పనే చెప్పింది. మహాభారతం సభాపర్వంలోని జూదఘట్టాన్ని తలచుకోండి. నిండుసభలో ద్రౌపది అడిగింది ఒక నియమానికి సంబంధించిన ప్రశ్న. ధర్మరాజు తనను తాను ముందుగా ఓడిపోయాడా, నన్ను ముందుగా ఓడిపోయాడా? తాను ఓడి దాసుడైన తరువాత నన్ను పణంగా పెట్టే హక్కు అతనికి ఉన్నదా? ఏది ముందు, ఏది వెనుక అన్న ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన పెద్దలు ఆ సభలో కొలువుతీరి ఉన్నారు. భీష్ముడు ధర్మం సూక్ష్మమైనదని చెప్పి తేల్చకుండా వదిలాడు. తక్కినవారిలో అనేకులు తలలు వంచుకొన్నారు. విదురుడు హెచ్చరించాడు. కౌరవులలో చిన్నవాడైన వికర్ణుడు లేచి ఇది అధర్మమన్నాడు. అతని మాట చెల్లలేదు. ఆ సభలో పాచికలు వేసేవారున్నారు, పందెం కాసేవారున్నారు, చూసేవారున్నారు. తీర్పు చెప్పే తెగువ ఉన్న అధికారి లేడు. పెద్దల మౌనం తటస్థత అనిపించుకోలేదు, బలవంతుడి పక్షమైంది. వయసులో, విద్యలో భీష్ముడితో పోల్చదగని పాఠశాల అంపైరు సైతం ఆటస్థలంలో ఆ మౌనాన్ని ఆశ్రయించలేడు. ధర్మం ఎంత సూక్ష్మమైనా ఒక్క క్షణంలో చేయి ఎత్తాలి, లేదా ఎత్తకూడదు.

తెగువ ఉంటే చాలా అంటే, చాలదు. తెగువతోపాటు దిద్దుబాటుకు సిద్ధపడే వినయమూ కావాలి. 2010 జూన్ 2న అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో జరిగిన బేస్‌బాల్ పోటీని ఇందుకు ఉదాహరణగా చెప్పుకోవచ్చు. అర్మాండో గలరాగా అనే పిచ్చరు వరుసగా 26 మంది బ్యాటర్లను ఔట్ చేశాడు. ఇరవై ఏడవవాడూ ఔటైతే అది ‘పర్‌ఫెక్ట్ గేమ్’ అవుతుంది. మేజర్ లీగ్ సుదీర్ఘ చరిత్రలో అప్పటికి అటువంటివి ఇరవై మాత్రమే. ఆ చివరి బ్యాటరు మొదటి స్థావరానికి పరుగెత్తాడు. బంతి ముందే చేరింది. కాని అంపైరు జిమ్ జాయిస్ ‘సేఫ్’ అన్నాడు. ఆట ముగిశాక దృశ్యాన్ని మళ్లీ చూసిన జాయిస్ తన తీర్పు తప్పని కంటతడితో బహిరంగంగా ఒప్పుకొని, గలరాగాను క్షమాపణ కోరాడు. గలరాగా ఆయనను నిందించలేదు. మరునాటి ఆటకు ముందు జట్టు జాబితాను అంపైరుకు అందజేసే పనిని గలరాగాకే అప్పగించారు. చేతులు కలిపిన ఆ ఇద్దరినీ చూసి ప్రేక్షకులు చప్పట్లు కొట్టారు. నియమాల ప్రకారం తీర్పు మారలేదు. ఆ రికార్డు గలరాగాకు దక్కలేదు. అయినా ఆ రోజు ఆ మైదానంలో న్యాయం పూర్తిగా ఓడిపోలేదని నేను అనుకొంటాను. తప్పు చేసినవాడు దాచలేదు. నష్టపోయినవాడు పగబట్టలేదు.

ఇంతలో యంత్రాలు వచ్చాయి. 2014 నుంచి మేజర్ లీగ్‌లో స్థావరాల వద్ద తీర్పులను వీడియో సాయంతో విస్తృతంగా సరిచూస్తున్నారు. దక్షిణ కొరియా బేస్‌బాల్ లీగ్ 2024 నుంచి స్ట్రైక్ నిర్ణయాన్ని పూర్తిగా యంత్రానికే అప్పగించింది. మేజర్ లీగ్ 2025లో నిర్ణయించి 2026 సీజను నుంచి మధ్యేమార్గాన్ని చేపట్టింది. అక్కడ మొదటి తీర్పు అంపైరుదే. పిచ్చరుకో, క్యాచరుకో, బ్యాటరుకో సందేహం కలిగితే యంత్రాన్ని అడగవచ్చు. ప్రతి జట్టుకూ రెండు అవకాశాలు. అడిగినది సరైతే అవకాశం మిగులుతుంది, తప్పైతే పోతుంది. క్రికెట్‌లోని సమీక్షా పద్ధతి మనకు సుపరిచితమే. 2008లో భారత్, శ్రీలంకల టెస్టు సిరీస్‌లో దానిని మొదటిసారి ప్రయోగించి చూశారు. బంతి వికెట్‌ను అంచుమీదుగా మాత్రమే తాకేటట్టున్నప్పుడు అంపైరు ఇచ్చిన తీర్పే నిలుస్తుందన్న నియమం నేటికీ అందులో ఉంది.

యంత్రం వస్తే వివాదం సమసిపోతుందన్నది భ్రమ. అమెరికా పద్ధతిలో యంత్రానికి స్ట్రైక్ జోన్ ఎలా తెలుస్తుంది? బ్యాటరు ఎత్తులో 53.5 శాతం పై హద్దు, 27 శాతం కింది హద్దు అని మనుషులే కూర్చొని నిర్ణయించారు. ఆ అంకెలు ప్రకృతి ఇచ్చినవి కావు, చర్చించి కుదుర్చుకొన్నవి. మనిషి తీర్పు మైదానంలోంచి తొలగిపోలేదు, నియమావళిలోకి మారింది. అయినా యంత్రాన్ని నేను వ్యతిరేకించను. దానికి జంకు లేదు. చివరి బంతినీ మొదటి బంతిలాగే కొలుస్తుంది. అంపైర్లు దానినుంచి నేర్చుకోవలసినదీ అదే. అయితే మొదటి తీర్పు మనిషిదిగా ఉండి, సందేహం వచ్చినప్పుడు యంత్రం సాయం చేసే పద్ధతే మేలని నా అభిప్రాయం. అందులో బాధ్యత ఒక మనిషిమీద ఉంటుంది. దిద్దుబాటుకు దారీ ఉంటుంది.

మన కళాశాలల ఆటస్థలాలకు ఆ కెమెరాలు రావు. అక్కడ సున్నంతో గీసిన గీతలు, ఎండలో నిలిచిన ఒక వ్యాయామ ఉపాధ్యాయుడో, సీనియర్ విద్యార్థినో, ఒక విజిల్, రెండు కళ్లు. ప్రపంచంలో జరిగే ఆటల్లో అత్యధిక భాగం ఇలాంటి మైదానాల్లోనే జరుగుతుంది. ఇక్కడ తీర్పరిని నిలబెట్టేది ఆటగాళ్ల నమ్మకమే. ఆ నమ్మకమంటే నోరు మూసుకొని ఉండడం కాదు. సాఫ్ట్‌బాల్ నియమావళే ఒక చక్కని భేదాన్ని చూపింది. బంతి స్ట్రైకా, బాలా. పరుగెత్తినవారు ఔటా, సేఫా అన్నవి అంపైరు కంటికి సంబంధించిన నిర్ణయాలు. వాటిమీద అధికారికంగా ఫిర్యాదు చేయడానికి వీల్లేదు. కాని అంపైరు నియమాన్నే తప్పుగా అన్వయిస్తే ఫిర్యాదు చేసే హక్కు జట్టుకు ఉంది. తన చూపు అందని చోట జరిగినదాని గురించి మరొక అంపైరును సంప్రదించడం తీర్పరికి చిన్నతనం కాదు. సంప్రదించమని శిక్షకులు మర్యాదగా కోరవచ్చు. కేకలు వేయడానికీ ప్రశ్నించడానికీ గల తేడాను విద్యార్థులు నేర్చుకొనే చోటు తరగతి గది కన్నా ఆటస్థలమే కావచ్చు.

మైదానం దాటినా తీర్పరి పని మనలను వదలదు. స్నేహితుల తగవులో పెద్దరికం వహించమంటారు. రేపు మీలో కొందరు జవాబుపత్రాలు దిద్దుతారు, కొందరు ఉద్యోగాలకు అభ్యర్థులను ఎంపిక చేస్తారు, కొందరు న్యాయపీఠం మీద కూర్చుంటారు. ముప్పై ఐదు మార్కులు వస్తేనే ఉత్తీర్ణత అన్నప్పుడు ముప్పై నాలుగు దగ్గర ఆగిన పత్రం చేతికి వస్తే ఏం చేస్తారు? అది అంచున పడిన బంతి. దిద్దినవారికి ఒక మార్కు, రాసినవారికి ఒక సంవత్సరం. ఆ పత్రాన్ని మరొకసారి శ్రద్ధగా చదవడం న్యాయమే. అయితే ముప్పై ఆరు దగ్గర ఆగిన పత్రాన్నీ అంతే శ్రద్ధగా చదివినప్పుడే అది న్యాయం. సరైన చోట నిలబడి చూడండి. తల ఊగనివ్వకండి. చూసినదానిని ఒక్క క్షణం తలపోసుకోండి. ఎవరు గెలుస్తారన్నది మరచి చెప్పండి. తప్పని తేలితే ఒప్పుకోండి. అర సెకను తీర్పు కోసం అంపైర్లు ఏళ్ల తరబడి సాధన చేసేది ఈ కొద్ది పనులనే.

ఈసారి మీ కళాశాల మైదానంలో పోటీ జరిగినప్పుడు కాసేపు బంతిని కాక, క్యాచరు వెనుక వంగి నిలిచిన మనిషిని గమనించండి. వీలైతే ఒక స్నేహపూర్వక పోటీకి మీరే అంపైరుగా ఉండి చూడండి. మొదటి అంచు బంతి వచ్చి, రెండు జట్లూ మీ చేతివైపు చూసినప్పుడు, తీర్పు చెప్పడమంటే ఏమిటో ఏ పుస్తకమూ చెప్పనంత స్పష్టంగా తెలుస్తుంది. ఆ తరువాత ఏ తీర్పరినైనా తిట్టడానికి ముందు ఒక్క క్షణం ఆగుతారు.